అనామక పుటల్లో పుట్టిన నవ్వు: అమెరికా హాస్య కామిక్స్ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికా కామిక్ పుస్తకాల చరిత్రను సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ వంటి మహావీరుల చరిత్రగా చెప్పడం పరిపాటి అయింది గాని, రెండో ప్రపంచయుద్ధం తరువాత చాలా ఏళ్లపాటు ఆ దేశపు పత్రికల దుకాణాల్లో అమ్మకాల ముందువరుసన నిలిచినవి పిల్లలనూ హైస్కూలు వయసువారినీ నవ్వించడానికి పుట్టిన కథలే. మాట్లాడే బాతులు, పొట్టి గౌను తొడిగిన గడుసు పిల్ల, ఇద్దరమ్మాయిల మధ్య నలిగిపోయే ఎర్రజుట్టు కుర్రవాడు, స్నేహం కోసం తపించే బుల్లి దయ్యం ఈ కథల నాయకులు. పిల్లల కాలక్షేపమన్న చిన్నచూపుతో విమర్శకులు చాలాకాలం వీటి జోలికి పోలేదు. ప్రచురణకర్తలు చాలామంది వీటిని సృష్టించినవారి పేర్లను సైతం అచ్చువేయలేదు. అయినా గత శతాబ్దపు అమెరికన్ కథనకళలో మేలైన పని కొంత ఈ అనామక పుటల్లోనే జరిగింది.

ఈ పుస్తకాల మూలం దినపత్రికల్లో ఉంది. ఆదివారం అనుబంధాల్లో రంగుల్లో వెలువడే బొమ్మల కథలను చిన్న పరిమాణానికి కుదించి, ఒకచోట కుట్టి, 1934లో ‘ఫేమస్ ఫన్నీస్’ పేరిట పది సెంట్లకు అమ్మడంతో కామిక్ పుస్తకానికి ఒక రూపం, ఒక ధర స్థిరపడ్డాయి. 1940లో మొదలైన ‘వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్’ కూడా తొలినాళ్లలో ప్రధానంగా ఇటువంటి పునర్ముద్రణే. పాత సరుకు చాలక కొత్త కథలు రాయించవలసి వచ్చినప్పుడు అసలు చరిత్ర మొదలైంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్ పట్టణానికి చెందిన వెస్టర్న్ ప్రింటింగ్ సంస్థ డిస్నీ వంటి స్టూడియోల నుంచి లైసెన్సు, అంటే పాత్రలను వాడుకునే అనుమతి పొంది, కథలు తయారుచేయించి అచ్చువేసేది. పెట్టుబడి, పంపిణీ న్యూయార్క్‌లోని డెల్ సంస్థవి. రచయితకూ చిత్రకారుడికీ పుటకు ఇంతని ప్రతిఫలం ముట్టేది గాని, హక్కులేవీ దక్కేవి కావు.

ఆ ఏర్పాటులో పనిచేసినవారిలో కార్ల్ బార్క్స్ స్థానం వేరు. 1901లో ఆరెగాన్ రాష్ట్రంలో రైతు కుటుంబంలో పుట్టి, రకరకాల పనులు చేసి, 1935లో డిస్నీ స్టూడియోలో చేరిన బార్క్స్, 1942లో ఆ ఉద్యోగం వదిలి, మరుసటి ఏటి నుంచి డొనాల్డ్ డక్ పది పుటల కథను నెలనెలా స్వయంగా రాస్తూ గీస్తూ వచ్చాడు. సినిమాల్లో డొనాల్డ్ మాట సరిగా అర్థంకాని కోపిష్టి మాత్రమే; బార్క్స్ చేతిలో అతడు ఉద్యోగాలు నిలబెట్టుకోలేక, తనకంటే తెలివైన ముగ్గురు మేనల్లుళ్ల ముందు పరువు కాపాడుకోలేక సతమతమయ్యే సగటు గృహస్థుడయ్యాడు. అతడికి డక్‌బర్గ్ అనే ఊరిని కల్పించిన బార్క్స్, 1947 డిసెంబరులో ఒక క్రిస్మస్ కథ కోసం స్క్రూజ్ మెక్‌డక్ అనే పిసినారి మేనమామను ప్రవేశపెట్టాడు. మొదట్లో వట్టి చిరాకు ముసలివాడిగా కనిపించిన స్క్రూజ్‌కు తరువాత క్లాండైక్ బంగారు వేటలో కష్టపడి సంపాదించిన గతం ఏర్పడింది. 1952 నాటి కథతో అతడి ధనాగారంలోని ప్రతి నాణెం వెనుకా ఒక జ్ఞాపకం ఉందని తెలిసి, పిసినారితనానికే ఒక గౌరవం వచ్చింది. దూరదేశాల దృశ్యాల కోసం బార్క్స్ ‘నేషనల్ జియోగ్రాఫిక్’ సంచికలు తిరగేసేవాడు. 1949లో ఆండీస్ పర్వతాల్లో నలుపలకల గుడ్లు పెట్టే కోళ్లను వెతుకుతూ బాతులు సాగించిన యాత్ర ఆ శ్రద్ధకు మంచి ఉదాహరణ. 1950 దశకం తొలినాళ్లలో ఆ డిస్నీ మాసపత్రిక 30 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోతున్నా, పాఠకులకు అతడి పేరు తెలియదు. చేతివాటాన్ని గుర్తుపట్టిన పిల్లలు ‘మంచి బాతుల చిత్రకారుడు’ అని మాత్రమే చెప్పుకునేవారు. దూరదర్శన్‌లో ‘డక్ టేల్స్’ చూసిన తెలుగు పిల్లలు ఎరిగిన స్క్రూజ్ కూడా బార్క్స్ సృష్టే.

లిటిల్ లులూ కథ మరొక తీరుది. మార్జరీ హెండర్సన్ బ్యుయెల్ అనే చిత్రకారిణి ‘మార్జ్’ అన్న సంతకంతో 1935 ఫిబ్రవరిలో ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ వారపత్రికలో ఈ అల్లరి పిల్లను ఒంటిగడి కార్టూన్‌గా ప్రవేశపెట్టింది. 1945లో డెల్ లులూను కామిక్ పుస్తకంలోకి తెచ్చినప్పుడు రచన జాన్ స్టాన్లీ చేతికి వచ్చింది. స్టాన్లీ ప్రతి పుటనూ గళ్లుగా విభజించి, పెన్సిలు బొమ్మలతో, సంభాషణలతో పూర్తి నమూనా తయారుచేస్తే, అర్వింగ్ ట్రిప్ తదితరులు దాన్ని తుది చిత్రాలుగా మలిచేవారు. ఆడపిల్లలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టుకున్న మగపిల్లల గుడిసె, దాన్ని తన తెలివితో ఓడించే లులూ, తానే గొప్పనుకునే బొద్దు టబ్బీ, పక్కింటి ఆల్విన్ అల్లరి మాన్పించడానికి లులూ అప్పటికప్పుడు అల్లే మంత్రగత్తె కథలు: ఈ కొద్దిపాటి సామగ్రితోనే స్టాన్లీ 1959 దాకా నడిపించాడు. పిల్లల లోకంలోని న్యాయాన్యాయాలను పెద్దల ఉపదేశం సోకకుండా చూపించడంలో అతడికి సాటి లేదు. అట్ట మీద ఉన్నది మాత్రం మార్జ్ పేరే.

యువతరం హాస్యానికి మూలపురుషుడు ఆర్చీ ఆండ్రూస్. కోయిన్, సిల్బర్‌క్లైట్, గోల్డ్‌వాటర్ అనే ముగ్గురు భాగస్వాములు ఇంటిపేర్లు కాక తమ సొంత పేర్ల తొలి అక్షరాలతో నెలకొల్పిన ఎం.ఎల్.జె. సంస్థ, 1941 డిసెంబరు తేదీతో వచ్చిన ‘పెప్ కామిక్స్’ 22వ సంచికలో మహావీరుల కథల నడుమ ఈ కుర్రవాడికి చోటిచ్చింది. తొలి కథ రచన విక్ బ్లూమ్‌ది, బొమ్మలు బాబ్ మోంటానావి. పొరుగింటి బెట్టీ, తిండిపోతు స్నేహితుడు జగ్‌హెడ్ తొలి కథలోనే కనిపించగా, ధనవంతుల బిడ్డ వెరోనికా కొద్ది నెలల్లో వచ్చి చేరింది. హైస్కూలు చదువు అమెరికాలో సర్వసాధారణమై, చిన్నతనానికీ పెద్దరికానికీ నడుమ ‘టీనేజర్’ అనే కొత్త కొనుగోలుదారు తయారవుతున్న కాలమది. పాఠకులు వీరులను వదిలి ఆర్చీ వెంట పడడంతో 1946లో సంస్థ పేరే ఆర్చీగా మారింది. 1950ల చివరికి డాన్ డికార్లో గీసిన నున్నని, తేటైన రేఖ ఆ సంస్థ కథలన్నిటికీ ఒరవడి అయింది. ఇద్దరమ్మాయిల్లో ఎవరన్న ప్రశ్న తేలకపోవడమే ఈ కథల ఆయుష్షు, అదే వాటి పరిమితి కూడా. హార్వీ సంస్థ ప్రచురించిన బుల్లి దయ్యం క్యాస్పర్ కథలు, 1953లో పుట్టిన ధనిక బాలుడు రిచీ రిచ్ కథలు మరింత చిన్న పిల్లలను ఉద్దేశించినవి.

1954 ఈ చరిత్రకు మలుపు. నేర, భయానక కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ గ్రంథం రాయగా, సెనేట్ ఉపసంఘం విచారణ జరపగా, భయపడిన ప్రచురణకర్తలు ఒక సంఘంగా ఏర్పడి కామిక్స్ కోడ్ అనే స్వీయ నియమావళిని ఏర్పరచుకున్నారు. ఆ ప్రచురణకర్తల సంఘానికి అధ్యక్షత వహించింది ఆర్చీ భాగస్వామి జాన్ గోల్డ్‌వాటరే. తమ పుస్తకాలు ముందునుంచే నిర్దోషమైనవన్న ధీమాతో డెల్ మాత్రం అందులో చేరలేదు. వర్థమ్ తన సాక్ష్యాలను మార్చి వాడుకున్నాడని 2012లో పరిశోధకురాలు కారొల్ టిల్లీ అతడి పత్రాల ఆధారంగానే చూపింది. కోడ్ ధాటికి ఎన్నో పత్రికలు మూతపడగా హాస్య కామిక్స్ బతికి బట్టకట్టాయి. కాని పదునైన వ్యంగ్యానికి అందులో చోటు లేకపోయింది. హార్వీ కర్ట్‌జ్‌మన్ 1952లో ఆరంభించిన ‘మ్యాడ్’ 1955లో పెద్ద పరిమాణపు పత్రికగా మారి ఆ కోడ్ పరిధికి వెలుపల నిలిచింది.

తరువాతి కథ క్షీణత. టెలివిజన్ ఇంటింటికీ చేరింది. 1962లో డెల్, వెస్టర్న్ విడిపోయాయి. బార్క్స్ 1966లో విరమించాడు. భారతదేశంలో ఇంగ్లీషు చదివే నగర పాఠకులకు చేరిన ఆర్చీ డైజెస్టులు ఆ తరువాతి దశవి. తాను సృష్టించిన జోసీ పాత్ర హక్కుల కోసం డికార్లో న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయాడు. పిల్లల మనసెరిగి రాసిన ఈ శిల్పులకు వారి కాలం చేసిన అన్యాయాన్ని సరిదిద్దే పని పాఠకులదే. ఈ సాహిత్యాన్ని తెలుసుకోగోరేవారు తొలుత 1948–1955 నడుమ బార్క్స్ రాసి గీసిన బాతుల కథలనూ, స్టాన్లీ రచించిన లులూ కథలనూ చేతికి తీసుకోవాలి. రెండూ ఇప్పుడు సంపుటాలుగా వెలువడ్డాయి.