మా అమ్మ కుట్టిన బొంత

మా ఇంట్లో పాత కాగితాలు లేవు. దస్తావేజులు ఉండాలంటే భూమి ఉండాలి. ఉత్తరాలు ఉండాలంటే రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఉండాలి. ఇంటి మొత్తానికి ఒక రేషన్ కార్డు, నా పదో తరగతి మార్కుల లిస్టు, అంతే. 2004లో ఎం.ఏ. హిస్టరీ చదువుతూ మా పల్లె వలసల మీద రాస్తానని ఒక మాస్టారుతో అంటే, "మంచిదేనయ్యా, ఆధారాలేవీ?" అన్నాడు. నోరు మూసుకుని హాస్టలుకి వచ్చేశాను. ఆ రాత్రి కప్పుకుని పడుకున్నది మా అమ్మ కుట్టిన బొంతే. ఆధారం నా ఒంటి మీదే ఉందని తట్టడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. అప్పటికి మా తమ్ముడు లేడు.

మాది రాజాం వైపు ఒక మాలపల్లె. మా వైపు బొంత లేని పేదిల్లు ఉండదు. పాత కోకలు నాలుగైదు పొరలుగా వాకిట్లో పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తారు. దారం కొనరు, కోక అంచులోంచే లాగుతారు. చిరుగు మీద అతుకు, ఆ అతుకు చిరిగితే దాని మీద ఇంకో అతుకు. నిలకడలేని ప్రభుత్వాన్ని వెక్కిరించాలంటే పత్రికల వాళ్ళు 'అతుకుల బొంత' అని రాస్తుంటారు. రాసేవాళ్ళెవరూ బొంత కింద పడుకుని ఉండరు. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచింది అదే.

గుడ్డతో మాకున్న సంబంధం కప్పుకోవడంతో మొదలైంది కాదు. మా పెరట్లో ఒక గొయ్యి ఉండేది. నా చిన్నప్పుడు కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. అది మగ్గం గొయ్యి అని తాత చెప్పాడు. ఆయన తాత అందులో కాళ్ళు దించుకుని కూర్చుని ముతక గుడ్డ నేసేవాడట. నాకు నమ్మబుద్ధి కాలేదు. మనం కూలోళ్ళం కదా, నేత మనదెప్పుడైంది అనుకున్నాను. తర్వాత తెలిసింది. మాలల్లో నేత పని ఉండేదని 1909లో అచ్చయిన థర్‌స్టన్ కులాల సంపుటాల్లో ఉంది. అంత దూరం పోనక్కర్లేదు. షెడ్యూల్డ్ కులాల జాబితా తీసి చూడండి, 'మాల సాలె, నేతాని' అని ఒక పేరు కనిపిస్తుంది. సాలె అంటే నేసేవాడనే కదా.

మాకు దగ్గర్లోనే పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్న నూలు వడికి, నేసే ఆ ఖద్దరుని గాంధీ మెచ్చుకున్నాడు. ఆ సంగతి ప్రతి పుస్తకంలో ఉంటుంది, ఉండాల్సిందే. మరి రైతుకూలీ కట్టుకున్న ముతక పంచె నేసినవాడి గురించి ఎవరు రాశారు? మిల్లు గుడ్డ చవగ్గా వచ్చాక ముతక గుడ్డ అడిగేవాడు లేకపోయాడు. మగ్గం మీంచి లేచినవాడు కామందు కళ్ళంలో కంబారి అయ్యాడు.

కంబారికి ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యం, ఒక జత బట్టలు. ఆడవాళ్ళకి సంక్రాంతికి కామందు ఇంటి పాత కోక. అది చేతికివ్వరు, అరుగు మీంచి పడేస్తారు, కొంగు పట్టాలి. కామందు ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం గుడ్డలు ఎక్కువ వచ్చేవి. పోయినవాడి పంచెలు, దుప్పటి, శవం మీద కప్పిన గుడ్డ. చండాలుడు శవాల బట్టలే కట్టాలని మనుస్మృతి పదో అధ్యాయంలో ఉంది. దాన్ని 1927 డిసెంబర్ 25న మహద్‌లో తగలబెట్టారు. ఆ మహద్‌లోనే అంబేద్కర్ మన ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడి, అంటరాని గుర్తుగా ఉన్న ఆ కట్టూ ఆ నగలూ మానెయ్యమన్నాడు. అంతటివాడు చీర కట్టు గురించి ఎందుకు మాట్లాడాడా అని నేను చదువుకునే రోజుల్లో ఆశ్చర్యపోయేవాణ్ణి. మా మామ్మ కొంగు పట్టిన సంగతి గుర్తొచ్చాక ఆశ్చర్యం పోయింది.

మా అమ్మ మనువుని చదవలేదు, మహద్ ఎక్కడుందో తెలీదు. కాపురానికొచ్చిన కొత్తలో మామ్మ కుడుతున్న బొంతలో కామందు పంచె ఉంటే తీసి అవతల పెట్టిందట. "మనోళ్ళది కాని గుడ్డ మన మీదెందుకు?" అందట. మామ్మ తిట్టింది. అమ్మ వినలేదు. అప్పట్నించి మా ఇంటి బొంతలకి అదే కట్టుబాటు.

హాస్టల్లో నేను కప్పుకున్న బొంతలో మధ్యన ఒక గళ్ళ లుంగీ ముక్క ఉంది. తాతది. తాత కుర్రతనంలో రంగం వెళ్ళాడు. రంగం అంటే రంగూన్. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి మన తెలుగు కూలీలు వేలకి వేలు వెళ్ళేవారు. అక్కడ వాళ్ళని కోరంగీలు అనేవారు. రేవులో మూటలు మోశారు, మరల్లో బియ్యం ఆడించారు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో చాలామంది చచ్చిపోయారు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు బాంబులేస్తే, 1942లో కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. తాత నడిచొచ్చినవాడే. ఆయన తెచ్చుకున్నది ఒంటి మీద లుంగీ ఒకటి. రంగం డబ్బుతో మిద్దెలు కట్టిన వాళ్ళ కథలు మా వైపు చాలా చెప్తారు. మాకు దక్కింది జానెడు లుంగీ ముక్క.

ఆ పక్కనే ఖాకీ ముక్క, జూట్ మిల్లులో చేసిన పెదనాన్నది. గోగు పండేది మా వైపే, నార తీసేది మావాళ్ళే, నెల్లిమర్లలో, చిట్టివలసలో మిల్లుల్లో గోనెలు నేసేదీ మావాళ్ళే. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది.

ఇక మా తరం వాళ్ళకి వచ్చేసరికి కోకలూ పంచెలూ పోయి బనీన్లు వచ్చాయి. పట్నం వాళ్ళు టీషర్టులంటారు, మా పల్లెలో అన్నీ రంగు బనీన్లే. హైదరాబాదు, మద్రాసు పనులకి వెళ్ళినవాళ్ళు పండక్కొచ్చేటప్పుడు ఒంటి మీద వేసుకొచ్చేవారు. సిమెంటు కంపెనీలు మేస్త్రీలకి పంచినవి, రంగుల కంపెనీలు పంచినవి, వీపు మీద కాంట్రాక్టరు పేరు అచ్చేసినవి. ఎన్నికలొస్తే పార్టీల బనీన్లు. అమ్మ ఏ పార్టీదీ కాదనేది కాదు, అన్నీ తీసుకుని బొంత లోపలి పొరల్లో వేసేది. వాటికి అదే చోటు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తర్వాత లారీల్లో పాత బట్టలొచ్చాయి. వాటిల్లో ఖరీదైన బనీన్లు కూడా ఉన్నాయి. అమ్మ తెచ్చుకుంది కానీ బొంత జోలికి తేలేదు. "ఎవుడి ఒంటిదో, బతికున్నాడో నేడో. అంట్లకి పనికొత్తాయి ఒగ్గీ" అంది. బుర్ర ఉన్న మాటే అనుకున్నాను, అంతకంటే ఆలోచించలేదు.

ఆ ఏడాదే జూన్ 28న చెన్నై పక్కన మౌలివాక్కంలో, కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. అందులో మా రెండు జిల్లాల వాళ్ళు చాలామంది. ఎవరు ఎక్కడివాళ్ళో తేల్చడానికి రోజులు పట్టింది. మా తమ్ముడు అప్పటికి మద్రాసులోనే ఇంకో చోట సెంట్రింగ్ పని చేస్తున్నాడు. ఫోన్లో "నాకేటీ కాలేదప్పా" అని మా అప్పకి చెప్పాడు. రెండేళ్ళు కాలేదు. 2016లో సెంట్రింగ్ ఊడి స్లాబుతో పాటు కిందపడ్డాడు. ఇరవై ఆరేళ్ళు.

శవంతో పాటు ఒక సంచీ వచ్చింది. సంచీలో సెల్‌ఫోన్ చార్జరు, దువ్వెన, నాలుగు బనీన్లు. ఒకటి నారింజ రంగుది, వీపు మీద పెద్ద కంపెనీ పేరు. ఆ కంపెనీ వాళ్ళు మాత్రం వీడు మావాడే కాదన్నారు. సబ్ కాంట్రాక్టరు మనిషిట, రిజిస్టరులో పేరు లేదుట. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం కింద ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాస్‌బుక్కు ఇవ్వాల్సి ఉండేది. మా పల్లెలో అలాంటి పుస్తకం చూసినవాడు ఒక్కడూ లేడు. ప్లీడరు దగ్గరకి వెళితే, బనీను ఉత్తి సాక్ష్యంగా నిలబడదు, అయినా పారెయ్యకండి అన్నాడు. మాస్టారు అడిగిన మాటే మళ్ళీ వినిపించింది. ఆధారాలేవీ?

కర్మ అయిన నెలకి అమ్మ బొంత మొదలెట్టింది. తమ్ముడి నాలుగు బనీన్లు, అయ్యది ఒకటి, రైలు కింద పడిపోయిన చిన్నాన్న కొడుకుది ఒకటి. కొయ్యలకి వేలాడుతున్నవన్నీ దించింది. నాది కూడా అడిగింది. లక్ష్మీపేట తర్వాత సభలకి వేసుకు తిరిగిన నీలం రంగుది, అంబేద్కర్ బొమ్మది. 2012 జూన్ 12న, వంగర మండలం లక్ష్మీపేటలో మద్దువలస రిజర్వాయరు భూమి సాగు చేసుకుంటున్నారని అయిదుగురు మాలల్ని చంపారు. ఆ ఊరు మాకు దూరం కాదు.

"నేను బతికే ఉన్నాను కదమ్మా" అన్నాను.

"సచ్చినోళ్ళదే పెడితే అది శవం గుడ్డ అయిపోద్ది బావూ. బతికినోళ్ళదీ ఉండాల" అంది.

బనీను గుడ్డ మగ్గం గుడ్డలాంటిది కాదు. అది అల్లిక, లాగితే సాగిపోతుంది. కోక మీద కుట్టినట్టు కుడితే మూతి వంకర తిరుగుతుంది. అమ్మ రెండుసార్లు కుట్టి రెండుసార్లు ఊడదీసింది. తర్వాత ప్రతి బనీను ముక్కనీ ముందు పాత కోక ముక్క మీద పరిచి, చుట్టూ టాకాలేసి, అప్పుడు బొంత మీద పెట్టింది. ఇంటర్లైనింగ్ అంటారని మా అప్ప కూతురు చెప్పింది. ఆ పిల్ల అచ్యుతాపురం బట్టల కంపెనీలో రోజంతా చేతులు మాత్రమే కుడుతుంది, విదేశాలకి వెళ్ళే చొక్కాల చేతులు. నేతగాడి ముని మనవరాలి మనవరాలు మళ్ళీ గుడ్డ దగ్గరకే చేరింది.

నారింజ బనీను దగ్గర ఇద్దరికీ తగువొచ్చింది.

"అది కత్తిరించకమ్మా. కేసుకి కావాలి."

"ఎన్నాళ్ళు కావాల?"

"తెలీదు."

"అందాకా పెట్లో ఎట్టమంటావేటి? ఎలకలు కొట్టెత్తాయి. కప్పుకుంటే ఏటీ అవదు."

నాకు కోపమొచ్చింది. చదువుకున్నవాణ్ణి, సాక్ష్యం విలువ నాకు తెలుసనుకున్నాను. గట్టిగా అరిచాను. అమ్మ ఏడవలేదు, ఆ రోజు సూది పట్టలేదు. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే వాకిట్లో బొంత పరిచి ఉంది. నారింజ బనీను కత్తిరించలేదు. మొత్తంగా, చేతులు రెండూ చాపి, పేరున్న వీపు పైకి పెట్టి, నడిమధ్యన కుట్టింది. తక్కిన కుట్లు బియ్యపు గింజంత ఉంటే ఆ బనీను చుట్టూ వేలెడేసి కుట్లు వేసింది.

"కోర్టోళ్ళు అడిగితే ఈ దారం సివర లాగీ. ఊడొచ్చెత్తాది" అంది.

చాలాకాలం తర్వాత అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లవాళ్ళ ఊరి గురించి చదివాను. బానిసల సంతతి వాళ్ళు. అక్కడ మిసౌరీ పెట్‌వే అనే ఆమె భర్త పోయాక, 1942లో, ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలతోనే బొంత కుట్టింది. మా తాత రంగం నుంచి నడిచొచ్చిన సంవత్సరమే. ఆ ఊరి బొంతలు 2002 నుంచి పెద్ద పెద్ద మ్యూజియాల్లో గోడలకి వేలాడాయి. మోకాలి దగ్గర వెలిసిన రంగు, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు రంగు ఆ ఫోటోల్లో కనిపిస్తాయి. అమ్మకి చూపించాను. బొంతని గోడకెందుకు కట్టారని అడిగింది. చలికాలం వాళ్ళేం కప్పుకుంటున్నారని అడిగింది. కుట్టు మాత్రం బాగుందంది.

కేసు 2018లో రాజీ అయిపోయింది. సబ్ కాంట్రాక్టరు కొంత డబ్బిచ్చాడు, కంపెనీ పేరు కాగితంలో ఎక్కడా రాలేదు. బనీను చూపించమని ఎవరూ అడగలేదు. ఆ డబ్బుతో అప్ప అప్పు తీర్చి, రేకులిల్లు వేశాం.

అమ్మకి ఇప్పుడు చూపు ఆనడం లేదు. బొంత మీద చెయ్యి పెట్టి తడుముతూ ఎవరిదేదో చెప్తుంది. ఇది మీ అయ్యది, ఇది నీది, ఇది సిన్నోడిది. అక్షరాలు అచ్చేసిన చోట గరుగ్గా తగులుతుంది కదా, దాన్ని బట్టి. నేను వరసగా అడుగుతూ నోటుబుక్కులో రాసుకుంటున్నాను, ఏ బనీను ఏ ఊరి పనిది, ఏ ఏడాదిది అని. ముప్పై రెండు ముక్కలకి పందొమ్మిది తేలాయి.

మొన్న పెద్ద కుట్లు రెండు మూడు చోట్ల తెగి బనీను చెయ్యి వేలాడుతోంది. "ఇంక ఎవడూ అడగడు కదమ్మా, గట్టిగా కుట్టించనా?" అన్నాను.

"తెగిన కాడికి కుట్టించు. పెద్ద కుట్లే ఎయ్యమను" అంది.