గ్రామపు కావలి సెలవు తీసికొన్న నాడు



అమెరికా దేశపు చిన్న పట్టణములలో పోలీసు ఉద్యోగి కొలువు చాలించు దినమున ఒక ఆచారము కలదు. అతడు తన కారులోని రేడియో పరికరమును చేతబట్టి తన సంఖ్యను చివరిసారిగా పలుకును. అవతలి కార్యాలయమునుండి ఒక కంఠము అతని పేరును, అతడు పనిచేసిన సంవత్సరములను చదివి, కృతజ్ఞత తెలిపి సెలవిచ్చును. డబ్బు చాలకనో, ఉద్యోగులు దొరకకనో పట్టణపు పోలీసు శాఖనే మూసివేసి జిల్లా షెరీఫునకు అప్పగించిన చోట ఈ చివరి పిలుపు ఒక మనిషికే గాక ఒక సంస్థకును వీడ్కోలగును. మాటను గాలిలో పంపుటయే వృత్తిగా గల మాకు ఈ ఆచారము స్ఫురించినప్పుడెల్ల ఒక ప్రశ్న తోచును. మన తెలుగు గ్రామములలోను శతాబ్దములపాటు నిలిచిన ఒక పోలీసు శాఖ మూతబడినది గదా! దానికి సెలవు పలికిన కంఠమేది?

పోలీసు అనగానే ఖాకీ దుస్తులు, లాఠీ, ఠాణా మన కన్నులకు కట్టును. ఇవి రాక పూర్వమే, వచ్చిన పిదపను వీనితోపాటే, ప్రతి గ్రామమునందును మరియొక కావలి ఉండెను. కోస్తా, రాయలసీమలలో గ్రామ మునసబు దానికి పెద్ద. తలారి, వెట్టి అతని బంట్లు. తెలంగాణమున ఆ స్థానమున పోలీసు పటేలు ఉండెను. ఆ పేరులోనే పోలీసు కలదు. 1984వ సంవత్సరము జనవరి 6వ తేదీన ఆంధ్రప్రదేశ్ గవర్నరు జారీచేసిన ఆర్డినెన్సుతో మునసబు, కరణము, పటేలు, పట్వారీ మున్నగు గ్రామాధికారుల పదవులు రద్దయ్యెను. ఆ కావలి ఎట్లు నడచినది, ఎన్నిమారులు చేతులు మారినది, తుదకు ఏల సెలవు తీసికొనవలసి వచ్చినది అనునదే నేటి మా ప్రసంగ విషయము.

పూర్వము గ్రామమునకు కావలసిన పనులు చేయువారిని ఆయగాండ్రు అనుచుండిరి. తలారి వారిలో ఒకడు. 1812లో ఇంగ్లండు పార్లమెంటునకు సమర్పింపబడిన అయిదవ నివేదికలో మన గ్రామోద్యోగుల పట్టిక యొకటి కలదు. నేరముల జాడ తీయుట, ఒక యూరినుండి మరియొక యూరికి పోవు బాటసారులకు తోడు నడచి కాపాడుట తలారి పని యనియు, పంట కాచుట, దానిని కొలుచునప్పుడు సాయపడుట తోటి పని యనియు అందు చెప్పబడినది. వీరికి నెలజీతము లేదు. కళ్లమున ధాన్యము కొలుచునప్పుడు వారి మేర వారికి ముట్టును. కొందఱికి మాన్యపు భూమియు ఉండెను.

ఈ పాత కావలిలోని సారమంతయు ఒక్క నియమమున ఇమిడియున్నది. సొత్తు పోయినచో కావలివాడు దొంగను పట్టవలెను, లేదా సొత్తును తేవలెను. రెండును చేతకానిచో నష్టమును తానే పూరింపవలెను. దొంగ అడుగుజాడ పొరుగూరి పొలిమేరలో ప్రవేశించినచో ఆ భారము ఆ యూరి కావలివారిపై పడు ఆచారము పలుచోట్ల ఉండెను. 16వ శతాబ్దమున విజయనగరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసువాడు నూనిజ్, నగరరక్షకుడు దొంగతనములకు స్వయముగా జవాబుదారి యగుటచేతనే అచట దొంగతనములు తక్కువ యని తలచెను. రక్షించుటకు పూనినవాడు రక్షింపలేనప్పుడు నష్టమును తానే భరింపవలెనను న్యాయము ఎంత కఠినమో, అంత నిండైనది. నేటి ఏ పోలీసు శాఖయు ఈ బాధ్యతను తలకెత్తుకొనదు.

నియమము మంచిదే, ఆచరణమునకు చీడపట్టినది. రాజ్యములు సడలిన కాలమున పాలెగాండ్రు కావలి హక్కును చేజిక్కించుకొని, కావలి రుసుము పేరిట గ్రామములనుండి డబ్బు లాగసాగిరి. రుసుము చెల్లించిన యూరికి రక్షణ, చెల్లింపని యూరికి దోపిడి! కావలివాడే దొంగకు తోడైన వేళ రైతు ఎవరితో మొరపెట్టుకొనును? 1800 మొదలు 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో ఈ పాలెగాండ్రను అణచుటకే మొదట పూనుకొనవలసి వచ్చెను.

ఇంతలో 1802లో మద్రాసు ప్రభుత్వము, బెంగాలులో కారన్‌వాలిస్ పెట్టిన పద్ధతి ననుసరించి, జమీందారులను పాలెగాండ్రను పోలీసు పనినుండి తొలగించి, జీతగాండ్రగు దారోగాలను నియమించెను. గ్రామపు కావలి మూతబడుట ఇది మొదటిసారి. దారోగా పరాయివాడు. అతనికి ఊరి బాటలు తెలియవు, మనుష్యులు తెలియరు. తలారికి తెలిసిన గుట్టు అతనికి చెప్పువారు లేరు. ఈ ఏర్పాటు పదునాలుగేండ్లకంటె నిలువలేదు. మన్రో అధ్యక్షతను ఏర్పడిన న్యాయ విచారణ సంఘపు కృషివలన 1816లో క్రొత్త రెగ్యులేషనులు వెలువడెను. వానిలో 11వదానిచే దారోగాల పదవి పోయి, గ్రామపెద్దయే మరల పోలీసు అధికారి యయ్యెను. పదిరూపాయలకు మించని దావాలను విచారించు అధికారము 4వ రెగ్యులేషను అతనికి ఇచ్చెను. ఊరిని ఎఱిగినవాడే ఊరిని కాయవలెనని మన్రో వాదము. అందు సత్యము లేకపోలేదు.

కాని అదే 11వ రెగ్యులేషనులో మరియొక మాటయు కలదు. దానిని దాచిపెట్టి ఈ చరిత్ర చెప్పుట తగదు. తిట్లు, చిన్నపాటి కొట్లాటలు మున్నగు స్వల్పనేరములకు గ్రామపెద్ద నేరస్థుని చావడిలో 12 గంటలకు మించకుండ నిర్బంధింపవచ్చును. ఆ నేరస్థుడు తక్కువ కులములవాడని ఎంచబడినచో ఆఱు గంటలకు మించకుండ బొండకొయ్యలో కాళ్లు బిగింపవచ్చును. నేరమొక్కటే, శిక్షలు రెండు, భేదము పుట్టుకలో! చావడిలో కూర్చున్నవాడు సాయంకాలమునకు ఇంటికి పోయి జరిగినది మఱచును. నలుగురు నడచు త్రోవలో బొండకొయ్యలో కూర్చున్నవాడు దానిని ఎన్నటికి మఱచును? ఊరిని ఎఱిగినవాడు ఊరిని కాయుటలోని మేలును, ఊరిలోని హెచ్చుతగ్గులనే అతడు చట్టముగా అమలు జరుపుటలోని కీడును ఒక్క కాగితముననే మనకు కానవచ్చుచున్నవి.

1854లో మద్రాసు రాజధానిలో చిత్రహింసలను విచారించుటకు ఒక సంఘము నియమింపబడి, మరుసటి యేట నివేదిక సమర్పించెను. శిస్తు వసూలు చేయువాడును, దొంగను పట్టువాడును ఒక్కడే యగుటవలన ఏమి జరుగునో ఆ నివేదిక బయటపెట్టెను. వ్రేళ్లను కొయ్యల నడుమ నొక్కు కిట్టి, మనిషిని వంచి మెడకును కాళ్లకును త్రాడు బిగించు అనుందాలు శిస్తు బాకీలకొఱకును వాడబడుచుండెనని లోకమునకు తెలిసెను. ఫలితముగా 1859లో 24వ చట్టముచే మద్రాసు రాజధానికి ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడెను. దానికి విలియం రాబిన్సన్ మొదటి అధిపతి. 1861 నాటి అఖిల భారత పోలీసు చట్టమునకంటె ఇది రెండేండ్లు ముందుది. నేడు మనమెఱిగిన ఠాణా, ఇనస్పెక్టరు, కానిస్టేబులు అప్పటినుండి వచ్చినవారే.

ఠాణా వచ్చినను గ్రామపు కావలి పోలేదు. ఒక్కొక్క ఠాణాకు పెక్కు గ్రామములు. నడుమ వాగులు, బురదత్రోవలు. అందుచే మునసబు లేక ఠాణాకు కన్ను లేదు, చెవి లేదు. ఊరిలో దొంగసొత్తు కొనువాడున్నచో, బందిపోటు ఆ త్రోవను పోయినచో, అనుమానాస్పదమైన మరణము సంభవించినచో వెంటనే తెలియజేయు బాధ్యతను 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు అతనిపై మోపెను. చీటి వ్రాయువాడు మునసబు. దానిని తలపాగలో దోపుకొని చీకటిలో ఏటిని దాటి ఠాణాకు చేర్చువాడు తలారి. జనన మరణములను లెక్కవ్రాయుట, శిస్తు వసూలు చేయుట కూడ మునసబు పనియే. చీటి వ్రాసినవాని పేరు దస్తరములలో నిలిచినది. దానిని మోసినవాని పేరు అంతగా నిలువలేదు.

మరి ఈ పదవి ఎవరికి వచ్చుచుండెను? తండ్రినుండి కొడుకునకు. 1895 నాటి మద్రాసు 3వ చట్టము ఈ వంశపారంపర్యమునకు ముద్రవేసెను. తెలంగాణమున పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ వతనుదారులు. దొరకు వెట్టిచాకిరి చేయించుటలో వీరికి పాలుండెను. 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధ పోరాటమున జనుల ఆగ్రహము దేశముఖులతోపాటు ఈ గ్రామాధికారులమీదను పడుటకు కారణమిదియే. తుదకు 1960 డిసెంబరులో, ఆంధ్రదేశమునుండి పోయిన వ్యాజ్యముననే సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మునసబు పదవి ప్రభుత్వోద్యోగమే. కేవలము పుట్టుకను బట్టి దానిని ఇచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధము. వంశపు వేరు అప్పుడే తెగినది. చెట్టు కూలుటకు మరి ఇరువది మూడేండ్లు పట్టినది.

ఆ చెట్టును కూల్చినది నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము. ఆర్డినెన్సు వెలువడుటతో తాతలనాటి పదవి పోయినది. చట్టమున వీడ్కోలునకు చోటుండదు. దస్తరమును అప్పగింపవలెనన్న ఆజ్ఞ మాత్రముండును. కొందఱు అప్పగించిరి, కొందఱు న్యాయస్థానముల కెక్కిరి. పదవిని రద్దుచేయు అధికారము ప్రభుత్వమునకు కలదని 1985లో సుప్రీంకోర్టు నిర్ణయించుటతో ఆ వివాదమును ముగిసెను. ఆ యేడే తాలూకాలు పోయి మండలములు వచ్చెను. తలారులును, వెట్టివారును గ్రామసేవకులుగా మిగిలి, పేర్లు మార్చుకొనుచు కొలువున కొనసాగిరి.

ఆ దస్తరపు మూటను మనము ఒక్కమారు మనస్సులో విప్పి చూతము. జనన మరణముల పుస్తకము, వసూలు చిట్టాలు, ఠాణాకు పంపిన రిపోర్టుల నకళ్లు. అందు ఏటిలో పడి చనిపోయిన బిడ్డ పేరున్నది. పొలముగట్టు తగవు ఉన్నది. కలరా వచ్చిన యేటి మరణముల పట్టిక ఉన్నది. ఒక గ్రామము తన్ను గూర్చి తాను వ్రాసికొన్న చరిత్ర అది. దానిని వ్రాసినవానిలో పక్షపాతి యుండవచ్చును, లంచగొండి యుండవచ్చును, ధర్మాత్ముడును ఉండవచ్చును. ఎట్టివాడైనను అతనికి ఆ యూరిలో ప్రతి గడపయు తెలియును.

ఈ మూడు మూతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక విషయము తేలుచున్నది. 1802లో మూసినందుకు కారణము, కావలివాడే దోపిడిగాడైనందున. 1859లో అధికారమును కత్తిరించినందుకు కారణము, శిస్తును శిక్షను ఒక్క చేతనుండుట తగనందున. 1984లో రద్దుచేసినందుకు కారణము, పుట్టుక అధికారమునకు అర్హత కానందున. మూడు కారణములును న్యాయమైనవే. వానిని కాదనుటకు మాకు నోరు రాదు. అయినను ప్రతిమారును కావలి గడపనుండి ఒక అడుగు దూరము జరిగినది. న్యాయము కోరి దూరమును కొనితెచ్చుకొన్నాము. అర్ధరాత్రి తలుపు తట్టుటకు ఊరిలో ఒక తలుపు ఉండవలెనను అవసరము మాత్రము తీరలేదు.

తీరలేదనుటకు తరువాతి చరిత్రయే సాక్షి. పాత పదవుల స్థానమున గ్రామ సహాయకులు, పిదప గ్రామ పరిపాలనాధికారులు, అటుపై గ్రామ రెవెన్యూ అధికారులు వచ్చిరి. తెలంగాణ రాష్ట్రము 2020లో రెవెన్యూ అధికారుల పదవిని చట్టముచే రద్దుచేసెను. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయములు స్థాపించినప్పుడు మహిళా సంరక్షణకై ఒక కార్యదర్శి పదవిని కల్పించి, పిమ్మట దానికి మహిళా పోలీసు అను పేరు పెట్టిరి. మునసబు చావడి మూతబడిన మూడు దశాబ్దములకు పైబడిన పిదప పోలీసు అనుమాట గ్రామ కార్యాలయమున మరల వినబడినది. ఈసారి అది వంశముచే కాక పరీక్షచే వచ్చినది, ఒక స్త్రీకి వచ్చినది. బొండకొయ్య నాటి గ్రామమునకు ఇది ఊహకందని సంగతి.

పాతదానిని తిరిగి తెమ్మని మేము కోరుట లేదు. బొండకొయ్యలో కూర్చున్నవాని మనుమనికి ఆ చావడిపై మమకారము ఉండవలెననుట క్రూరత్వము. కాని వానలో తడిసి చీటి మోసిన తలారికిని, కలరా నాటి రాత్రి దీపము ముందు కూర్చుండి పేర్లు వ్రాసికొన్న మునసబునకును ఎవరైనను ఒక్క మాట చెప్పవలసియుండెను. నాడు ఏ రేడియోలోను వారి సంఖ్యను పిలిచినవారు లేరు. ఆలస్యముగానైనను ఈ మాట మేము పలుకుచున్నాము. మీ తప్పులు చరిత్రకెక్కినవి. మీ సేవయు ఎక్కవలెను. మీ కావలి ముగిసినది. ఇక సెలవు.