నెత్తిమీది కొంగు, నెత్తిమీది టోపీ



జపాను మహారాణి ఫోటో పేపర్లో పడితే మనం ముందు చూసేది ఆవిడ మొహాన్ని కాదు, టోపీని. నిజం చెప్పండి, అవునా కాదా? కాఫీ సాసరంత ఉంటుంది. తలమీద పెట్టుకున్నట్టు కాదు, ఒక పక్కగా అతికించినట్టుంటుంది. గౌను ఏ గుడ్డతో కుట్టారో టోపీ కూడా ఆ గుడ్డతోనే. 2013లో మిచికో మహారాణి భర్తతో కలిసి మద్రాసు వచ్చినప్పుడు, అది గాలికి ఎగిరిపోకుండా ఎలా నిలుస్తుందా అని మా బ్రాడీపేట ఆడవాళ్లం ఒక మధ్యాహ్నమంతా చర్చించుకున్నాం. పిన్నులు గుచ్చుతారని ఒకావిడ, లోపల దువ్వెన ఉంటుందని ఇంకొకావిడ. పప్పు మాడిన వాసన వచ్చేదాకా తేలలేదు.

ఆ టోపీ వాళ్ల తాతలనాటి ఆచారమేం కాదు. పూర్వం పెళ్లయిన జపాను స్త్రీలు కనుబొమలు తీయించుకుని, పళ్లకు నల్లరంగు వేసుకునేవారు. 1873లో మహారాణి తానే ఆ అలవాటు మానేసింది. ఆవిడే 1886లో మొదటిసారి దొరసానుల దుస్తులతో నలుగురిలోకి వచ్చింది. మరుసటి ఏడు జనవరిలో స్త్రీల దుస్తుల గురించి ఒక ప్రకటన కూడా చేసింది. విదేశీ దుస్తులు వేసుకోండి, తప్పులేదు, గుడ్డ మాత్రం మన దేశంలో నేసిందే కొనండి అని దాని సారాంశం. మన ఖద్దరు ఉద్యమం ఇంకా పుట్టలేదు అప్పటికి! టోపీ ఆ గౌనుతోపాటు వచ్చిందే. ఈనాటికీ కిమోనో కట్టుకున్న రోజున రాణులు టోపీ పెట్టుకోరు. రాత్రి పెద్ద విందులకైతే కిరీటం. పగలు నలుగురిలోకి వెళ్లేటప్పుడు టోపీ. ఏ వేళకు ఏది అన్నది ముందే లెక్క.

చావుకీ ఒక లెక్క ఉంది. హిరోహితో చక్రవర్తి 1989 జనవరి 7న పోయాడు. ఫిబ్రవరి 24న టోక్యోలో వానలో అంత్యక్రియలు జరిగాయి. ఆ రోజు కోడలు మిచికో నల్లటి దుస్తులు, నల్లటి టోపీ, దాని అంచునుంచి మొహం మీదికి జారే పల్చటి నల్ల ముసుగు వేసుకుంది. రాజకుటుంబం ఏడాదిపాటు మైల పట్టింది. ఏడాది గడిచింది, మైల తీరింది. 1990 నవంబరులో కొత్త చక్రవర్తి పట్టాభిషేకం వైభవంగా జరిగింది. మిచికో మళ్లీ లేతరంగు టోపీలతో బళ్లకూ ఆస్పత్రులకూ వెళ్లింది.

ఏడాది అన్న ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

మా ఇంట్లో ఒక మామ్మ ఉండేది. మా తాతగారికి మేనత్త. పన్నెండో ఏట భర్త పోయాడట. ఆయన మొహం తనకు గుర్తులేదనేది. పధ్నాలుగో ఏట, పెద్దమనిషి అయ్యాక, జుట్టు తీయించారు. ఆ తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా ఆవిడ నెత్తిమీద ముతక తెల్లపంచె కొంగు ఉండేది. నెలకోసారి క్షురకుడు పెరటి గుమ్మం గుండా వచ్చేవాడు. ఆ పూట పిల్లల్ని అటు వెళ్లనిచ్చేవారు కాదు. పెళ్లివారొస్తే మామ్మ వంటింట్లో ఉండిపోయేది. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే తానే ముందు తలుపు చాటుకు తప్పుకునేది. ఎవరూ చెప్పనక్కరలేదు, అంతగా అలవాటైపోయింది ఆవిడకు.

ఇది తెలుగునాట అందరిళ్లలోనూ ఉన్న ఆచారమని అనుకోకండి. శిరోముండనం ముఖ్యంగా బ్రాహ్మణ, వైశ్య కుటుంబాలలో ఉండేది. పొలం పనికి వెళ్లే ఎన్నో కులాలలో మారుమనువు మామూలు విషయం. వాళ్లను తక్కువగా చూస్తూ, మనమే గొప్ప ఆచారవంతులమని చెప్పుకున్నాం. పదోరోజున గాజులు, బొట్టు తీసేవారు, తర్వాత జుట్టు. వాటికి తిథి వారం చూశారు గానీ తిరిగి ఇవ్వడానికి ఏ పంచాంగంలోనూ రోజు లేదు.

వేరే దేశాల ఆడవాళ్లు జుట్టు వదులుకోలేదా అంటారేమో. వదులుకున్నారు. వెయ్యేళ్ల కిందట జపాను రాజాస్థానాల్లో భర్త పోయిన గొప్పింటి స్త్రీలు బౌద్ధ సన్యాసం పుచ్చుకుని, నేలకు జీరాడే జుట్టును భుజాల దాకా కత్తిరించుకునేవారు. ఇంగ్లండు విక్టోరియా రాణి సంగతీ చూడండి. 1861 డిసెంబరులో భర్త పోయాడు. 1901లో తాను పోయేదాకా ఆవిడ నల్లబట్టలు, నెత్తిన తెల్ల విధవ టోపీ వదల్లేదు. 1887లో ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన ఉత్సవం చేస్తే, కిరీటం పెట్టుకోమని ఎంతమంది బతిమాలినా వినక, లేసు కుట్టిన టోపీతోనే చర్చికి వెళ్లింది. అది ఆవిడ పంతం. ఆ టోపీతోనే మన దేశానికి కూడా చక్రవర్తిని అనిపించుకుంది. ఆవిడ ఎదురొస్తే అపశకునమని ఏ మంత్రీ వెనక్కి తిరగలేదు.

అంత దూరం ఎందుకు, మన మోటుపల్లి రేవు ఉంది. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చిన్న ఊరు. ఏడువందల ఏళ్ల కిందట ఈ తీరానికి వచ్చిన మార్కోపోలో, ఈ రాజ్యాన్ని ఒక రాణి భర్త పోయాక నలభై ఏళ్లు న్యాయంగా ఏలిందని మెచ్చుకుంటూ రాశాడు. ఆయన చెప్పింది రుద్రమదేవి గురించే. కాస్త పొరబడ్డాడు లెండి. ఆవిడ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. తండ్రి సింహాసనం ఎక్కిన ఆవిడకు శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరు కూడా చెక్కారు. అయినా ఆ విదేశీయుడు విధవ అనుకునే అంత గౌరవంగా రాశాడు చూడండి.

వితంతువు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కాగితం మీది చట్టం ఇంటి గడప దాటి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించారు. ఆయన పేరు అందరికీ తెలుసు. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు గోదావరి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని వండి వార్చింది భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. ఆవిడ నడుమునొప్పి గురించి ఏ చరిత్రకారుడూ రాయలేదు, నేను చెబుతున్నాను.

మన గుంటూరు కూడా వెనకబడలేదు. మాలపల్లి నవల రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1902లో ఇక్కడ వితంతు శరణాలయం పెట్టారు. ఆయన, భార్య లక్ష్మీబాయమ్మ గారు కలిసి 1922లో శారదా నికేతనం స్థాపించి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. అదే 1922లో బాలవితంతువైన దువ్వూరి సుబ్బమ్మ గారు సభల్లో నిర్భయంగా మాట్లాడినందుకు జైలుకు వెళ్లారు. ఎదురైతే అపశకునమన్న మనిషి మాట వినడానికి జనం బండ్లు కట్టుకుని వచ్చారు.

శరణాలయం పెట్టేనాటికి మా మామ్మ ఏడెనిమిదేళ్ల పిల్ల. తర్వాత శారదా నికేతనం ఉన్న ఊళ్లోనే ఇన్నేళ్లూ ఉంది. "నువ్వెందుకు వెళ్లలేదు మామ్మా?" అని ఒకసారి అడిగాను. "ఎవరు తీసుకెళ్తారే?" అంది. అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అంది.

చివరి ఏడాది ఆవిడ మంచాన పడింది. క్షురకుణ్ణి పిలిపించడం మా అమ్మ మానేసింది. ఇంట్లో పెద్దవాళ్లు సణిగారు. అమ్మ వినిపించుకోలేదు. రెండు నెలలకు తెల్లగా, పత్తి విచ్చినట్టు, అంగుళం జుట్టు వచ్చింది. ఒక పొద్దున అమ్మ కొంగు పక్కకు జరిపి, కొబ్బరినూనె గోరువెచ్చన చేసి ఆవిడ తలకు రాసింది. మామ్మ కాసేపు కళ్లు మూసుకుని పడుకుంది. తర్వాత చెయ్యెత్తి తడుముకుంది, ముందు పాపిట దగ్గర, తర్వాత చెవుల వెనక.

"మెత్తగా ఉందే" అంది. కొంగు కోసం వెతుక్కుంది గానీ, అమ్మ దాన్ని దండెం మీద వేసేసింది.