మాటల పుట్టుపూర్వోత్తరములు



భద్రాచలమునుండి గోదావరి వంతెన దాటి సారపాకకు వచ్చినవారికి కాగితపు మిల్లు కనబడును. అది 1979లో పని మొదలుపెట్టెను. తొలుత అడవి వెదురును, ఇప్పుడు రైతులు పెంచు జామాయిలు, సుబాబులు కర్రను గుజ్జుచేసి అక్కడ అట్టలు తీయుచున్నారు. ఊరివారు దానిని పేపరు మిల్లు అందురు. ఈ పేపరు అను ఇంగ్లీషు మాట ఎక్కడిదో ఎన్నడైన ఆలోచించితివా?

ఐగుప్తులో నైలునది బురదలో పెరుగు పపైరస్ అను జమ్మువంటి మొక్క పేరది. దాని దూటను చీలికలుగా కోసి, నిలువుగాను అడ్డముగాను పరచి, అదిమి, ఎండబెట్టి, దానిమీద వ్రాసెడివారు. ఆ సరకు బిబ్లోస్ అను ఓడరేవునుండి వచ్చుటచేత గ్రీకులు పుస్తకమును బిబ్లియోన్ అనిరని చెప్పుదురు. దాని బహువచనమగు బిబ్లియా నుండియే మన బైబిలు అను పేరు కలిగెను. తరువాత చీనావారు కనిపెట్టిన గుజ్జు కాగితము వచ్చి ఆ మొక్కను మూలకు నెట్టినను, పేరు మాత్రము మొక్కదే నిలిచెను. మనము కాగితము అనునది పారసీకుల మాట.

ఇట్లు మాటల ఊరు పేరు విచారించుట ఖర్చులేని వేడుక. ఒక నిఘంటువు, కొంత ఓపిక ఉన్న చాలును. హెన్రీ యూల్ అను సైనిక ఇంజనీరు, తంజావూరులో జడ్జిగానుండిన ఆర్థర్ బర్నెల్ ఈ పనిలో జతపడిరి. మన దేశపు మాటలు ఇంగ్లీషులో ఎట్లు చేరెనో ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనుచు పోగుచేసిరి. బర్నెల్ 1882లో నలుబదిరెండేండ్లకే చనిపోయెను. యూల్ పని ముగించి, 1886లో హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువును అచ్చువేయించి, మొదటి పుటలో చనిపోయిన మిత్రుని పేరును తన పేరుతో కూడ వేసెను.

అందులో మన రైతునోటి మాట ఒకటి కలదు. బాండికూట్! అది మన పందికొక్కే. వడ్లగాదె క్రింద బొరియలు త్రవ్వు ఆ జంతువు పేరును తెల్లవారు మనవారినుండి విని, తమ నాలుక తిరిగినట్లు పలికిరి. ఆస్ట్రేలియాకు పోయినవారు అక్కడ కడుపున సంచిగల వేరొక జంతువునకు ఆ పేరే పెట్టిరి. మా భాష మోటుది, ఇంగ్లీషే గొప్పది అని తలవంచుకొనువారు మన పల్లెలలో కొందరున్నారు. వారికి ఈ సంగతి చెప్పుము.

అయితే చెవిని మాత్రము నమ్మరాదు. గోడౌను అను మాట చూడుము. గో అనగా పో, డౌన్ అనగా క్రిందికి, కాబట్టి అది నేలమాళిగ అని చదువుకొన్నవారు సైతము చెప్పుచుందురు. అది సరికాదు. మలయు భాషలో సరకుల కొట్టును గుదంగ్ అందురు. గోడౌను దానినుండి పుట్టెను. ఆ గుదంగునకు మూలము మన గిడ్డంగియో, అరవవారి కిడంగో అయియుండునని పలువురు పండితుల తలంపు. అదే నిజమైతే మన తూర్పుతీరపు మాట వర్తకుల ఓడనెక్కి సముద్రము దాటి, ఇంగ్లీషు అంగీ తొడిగికొని ఇంటికి తిరిగివచ్చినది. ఎరువుల బస్తాలుంచిన కొట్టును ఒకడు గిడ్డంగి అనును, ప్రక్కవాడు గోడౌను అనును. ఇద్దరును వేరువేరు మాటలు పలుకుచున్నామనియే అనుకొందురు.