ఫోటోలు కడుగుట: ఇంటనా, అంగడిలోనా?

ఉగాది పచ్చడిని ఎవరింట వారే కలుపుకొందురు. ఆనాడు తీసిన ఫోటోను మాత్రము మనము చాలకాలముగా ఇతరులచేతనే కడిగించుకొనుచున్నాము. మొదట ఇట్లు లేదు.

1851లో ఆర్చర్ అను ఆంగ్లేయుడు తడి కొలోడియను పద్ధతిని ప్రకటించెను. గాజుపలకకు మందు పూసి, అది ఆరకమునుపే కెమెరాలో నుంచి, ఆరకమునుపే కడుగవలెను. పావుగంట దాటినచో పలక చెడును. కావున ఫోటో తీయువారు గుడారము, సీసాలు, నీళ్లు వెంటబెట్టుకొని బయలుదేరెడివారు. తీయుటయు, కడుగుటయు, అచ్చువేయుటయు ఒక్క కొలువే. 1854లో మన బొంబాయిలో ఫోటోగ్రాఫిక్ సొసైటీ వెలసిన నాటికి ఈ సరదా దొరలకును సంపన్నులకును తప్ప చెల్లునది కాదు.

సామాన్యులకు స్టూడియోయే గతి అయ్యెను. మీరటు సమీపమున 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికిందరాబాదున స్టూడియో పెట్టి, 1896లో బొంబాయిలోను మరొకటి తెరచెను. మనవారి వలె ఆయనయు సికిందరాబాదు నుండి బొంబాయి దారి పట్టినవాడే అని మేము సరదాగా చెప్పుకొందుము. స్టూడియోలో ఇంటికి వచ్చునది అచ్చు మాత్రమే. గాజుపలక అంగడివారి బీరువాలోనే ఉండిపోవును. దీన్‌దయాళ్ పలకలు వేలకొలది ఇందుచేతనే మిగిలి, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. అందరి అంగళ్లకును అంత అదృష్టము పట్టలేదు.

1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను అమ్మకమునకు పెట్టెను. వెల 25 డాలర్లు. లోపల 100 బొమ్మలకు చాలిన ఫిల్ము. అయిపోయిన పిమ్మట కెమెరాను యథాతథముగా రోచెస్టరుకు పంపి 10 డాలర్లు చెల్లించినచో, బొమ్మలు కడిగి, అచ్చువేసి, కొత్త ఫిల్ము నింపి తిరుగ పంపెడివారు. కొన్నవానికి మిగిలిన పని మీట నొక్కుటయే. తీయు చేయి వేరు, కడుగు చేయి వేరు అయినది అప్పుడే.

అయినను ఇంటి పని అంతటితో ఆగలేదు. 1893లో బేక్‌లాండ్ అనునాతడు వెలాక్స్ అను కాగితమును అమ్మజూపెను. (కరెంటు స్విచ్చుల బేకలైటును తరువాత కనిపెట్టినవాడు ఈయనయే.) అంతకుముందు అచ్చుకాగితములు చాలవరకు ఎండలో మాగవలెను, దీనికి దీపపు వెలుగు చాలును. పగలు కొలువు చేసి రాత్రి ఇంట కూర్చుండువారికి ఇది వరమే.

అట్టివారిలో మా పెదనాన్నగారొకరు. 1950లలో కరీంనగరము నుండి వచ్చి మిల్లులో చేరిరి. చాల్‌లో ఒక్క గది. గది మూలనున్న మోరీయే ఆయన చీకటిగది. అందరు పండుకొన్న తరువాత తలుపు సందులలో చీరెలు క్రుక్కి, బల్బునకు ఎర్రకాగితము చుట్టెడివారు. ఆ కాగితమునకు ఎరుపు కనబడదు గదా! ఫిల్మును కాగితమును కొయ్య చట్రములో ఒత్తి, తెల్లదీపమును వెలిగించి అంకెలు లెక్కపెట్టి ఆర్పెడివారు. మందులో మునిగిన తెల్లకాగితముపై మొదట కనుబొమలు, పిదప కన్నులు తేలి వచ్చెడివి. తెల్లవారునప్పటికి కిటికీ అద్దమునకు అతికించిన బొమ్మలు ఎండి రాలెడివి. మరునాడే అవి ఉత్తరములతో ఊరికి పోయెడివి. మనుమని మొగమును చూడని తాతకు ఆ ఉత్తరమే దర్శనము.

చిక్కంతయు నీటిలో నుండెను. కడిగిన బొమ్మ నిలుచుటకు హైపో కావలెను. హైపో పోవుటకు ధారాళముగా నీరు కావలెను. మా చాల్‌లో కుళాయి తెల్లవారుజామున కొద్దిసేపే వచ్చెడిది. రెండు బకెట్ల నీటిలో ముంచి తీసిన కాగితమున హైపో మిగిలి, లోలోన వెండిని తినివేసెను. మా నాయనమ్మగారి ఫోటో పసుపుబారి, మొగము చెరిగిపోయినది. అదే సంవత్సరము స్టూడియోలో తీయించిన పెదనాన్నగారి పెండ్లిఫోటో నేటికిని నలుపు తెలుపులతో నిగనిగలాడుచున్నది. అంగడివారికి నీరు పుష్కలము, కాగితము మేలురకము. ఈ మాటను ఒప్పుకొనక తప్పదు.

రంగుల ఫిల్ము రాగానే ఇంటి పని మరింత తగ్గెను. కొడాక్రోమును కడుగుట ఇంట సాధ్యము కానే కాదు. అమెరికాలో కడుగుడు కూలిని ఫిల్ము వెలలోనే కలిపి అమ్మెడివారు. 1954లో అక్కడి ప్రభుత్వము వ్యాజ్యము వేయగా ఆ రెంటిని విడదీసిరి. మన దేశమున ఉదకమండలములో 1960లో స్థాపింపబడిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుండి సరకు తయారుచేసినది. అదియు ఇప్పుడు లేదు. తరువాత గంటలో బొమ్మలిచ్చు యంత్రములు వీధివీధికి వచ్చినవి. అప్పటి రంగు అచ్చులు అనేకము మన ఆల్బములలో ఎర్రబారినవి. అంగడి పనియు శాశ్వతము కాదు సుమండీ! ఇప్పుడు కంప్యూటరు ప్రక్కన సిరా చిమ్ము యంత్రము వచ్చి ఇంటి పని మరల మొదలైనది. సిరా వెల చూచినచో గుండె గుభేలుమనును. చౌకసిరా గాలి తగిలి వెలవెలబోవును. వర్ణకపు సిరా, మంచి కాగితము అయినచో చాలకాలము నిలుచును.

పెండ్లిఫోటోకు మరొక ప్రతి కావలెనని మేము ఆ స్టూడియోను వెదకుచు పోతిమి. దుకాణము ఎత్తివేసి చాలకాలమైనదట. నెగటివులు తూకమునకు పోయినవట. నాయనమ్మగారి నెగటివు మాత్రము పెదనాన్నగారి బిస్కట్ల డబ్బాలో, చుట్టిన కాగితముతో సహా దొరకినది. నిరుడు మా అమ్మాయి దానిని స్కాను చేసి ఇంటనే అచ్చువేసినది. పాత అచ్చులో చట్రము క్రింద దాగిన అంచు కూడ ఇందులో వచ్చినది: నాయనమ్మగారి వెనుక మోరీగట్టు, దానిపై బోర్లించిన రెండు బకెట్లు.