కట్నం డబ్బుతో కదిలిన బండి

కారు అమ్మే పెద్దమనిషి నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. "మీవారు బండి ఆపి వస్తున్నారా?" అని మర్యాదగానే అడిగాడు. లేదని, నేనొక్కదాన్నే వచ్చానని చెప్పాను. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరు. ఆయన గరాజ్‌లో దుప్పటి కప్పి ఉందా కారు. జర్మనీలో తయారైన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మడిచే గుడ్డ పైకప్పు, చేత్తో మార్చే గేర్లు. దాని వయసు ఇరవై ఏళ్లు దాటింది. నా వయసు అరవై రెండు.

నాలుగు నెలలు చదువుకుని మరీ వెళ్లాను. సర్వీసు కాగితాలు తారీఖుల వరసలో ఉన్నాయో లేదో చూశాను. టైర్ల పక్కనున్న నాలుగంకెలు చదివి అవి ఏ ఏడాది, ఏ వారంలో తయారయ్యాయో చూసుకున్నాను. టార్చిలైటు పట్టుకుని కింద పడుకుని ఆయిలు తడి కోసం వెతికాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూపించమన్నాను. నా ఖర్చుతో వేరే మెకానిక్ చేత పరీక్ష చేయించాకే బేరం అన్నాను. అన్నిటికీ ఆయన ఓపిగ్గా జవాబు చెప్పాడు. చివరికి ఒకటే అడిగాడు: "ఇంతకీ ఈ కారు ఎవరికోసం?"

నాకోసమే అన్నాను. ఆ మాట నా చెవికే కొత్తగా వినిపించింది. అమెరికా వచ్చిన ఈ ముప్ఫై రెండేళ్లలో మా ఇంట్లో ఐదు కార్లు మారాయి. వాయిదాలు ఇద్దరం కట్టాం. కాగితాల మీద మొదటి పేరు మాత్రం ఎప్పుడూ మావారిదే. అలా ఉండాలని ఎవరూ అనలేదు, ఉండకూడదనీ ఎవరికీ తోచలేదు.

అంతకుముందు ఒక స్కూటర్ ఉండేది. 1984లో నా పెళ్లికి నాన్న పెట్టినది. బుక్ చేసుకుంటే చేతికి రావడానికి ఏళ్లు పట్టే రోజులవి. పెళ్లి మాటల్లో మధ్యవర్తి "అబ్బాయికి బండి" అని ఎంత మామూలుగా అన్నాడంటే, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. ఇంకెవరో బుక్ చేసుకున్న బండిని నాన్న పైన డబ్బిచ్చి కొన్నాడు. రిజిస్ట్రేషన్ మావారి పేరు మీద. ఎనిమిదేళ్లు దాని వెనక సీటు మీద ఒక పక్కకి తిరిగి కూర్చున్నాను. ఒళ్లో పాప, చేతిలో కూరల సంచి. రోడ్డు చూడాలంటే మెడ తిప్పాలి. నేర్పమని అడిగితే చీర కట్టుకుని ఏం నేర్చుకుంటావని నవ్వారు. నా పేరు చెప్పి కొన్న బండి మీద నేను ప్రయాణికురాలిని.

మోటారు కారు చరిత్ర మొదట్లో కూడా ఒక కట్నం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1871లో జర్మనీలో కార్ల్ బెంజ్ అనే యువకుడు పెట్టిన వర్క్‌షాపు మునిగిపోయేలా ఉంది. భాగస్వామిని నమ్ముకునే పరిస్థితి లేదు. అతనికి నిశ్చయమైన అమ్మాయి బెర్తా రింగర్. పెళ్లికి ముందే తన కట్నంలో కొంత తెప్పించి, ఆ భాగస్వామి వాటా కొనడానికి పెట్టింది. 1872లో పెళ్లయింది. పెళ్లి కాకముందు తన డబ్బుతో వ్యాపారంలో పెట్టుబడి పెట్టగలిగిన మనిషి, పెళ్లయ్యాక నాటి జర్మన్ చట్టం ప్రకారం ఆ హక్కు పోగొట్టుకుంది. 1886 జనవరి 29న మోటారు బండికి పేటెంట్ కోసం పెట్టిన దరఖాస్తు మీద బెర్తా పేరు లేదు.

పేటెంట్ వచ్చింది కానీ కొనేవాళ్లు లేరు. 1888 ఆగస్టులో బెర్తా భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇంధనం గొట్టంలో చెత్త అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపులో బట్టల మరకలు పోగొట్టే ద్రావకం కొని ఇంధనంగా పోసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించింది. ఎత్తు దారుల్లో పిల్లలు తోశారు. తిరిగొచ్చాక ఎత్తుల కోసం ఇంకో గేరు కావాలని భర్తకి చెప్పింది. ఈ కథని ఇప్పుడందరూ ముద్దుగా చెప్పుకుంటారు, పుట్టింటికి వెళ్లిన చిలిపి ఇల్లాలి కథలాగా. నాకు మాత్రం అది తను పెట్టిన డబ్బు ఏమవుతోందో చూసుకోవడానికి బయల్దేరిన పెట్టుబడిదారు ప్రయాణంలా కనిపిస్తుంది.

నడపడం వేరు, సొంతం కావడం వేరు. 1920లలో చెకొస్లొవేకియాకి చెందిన ఎలిష్కా యున్‌కోవా ఈ తేడాకి ఉదాహరణ. ఆమె భర్త చెన్యెక్ యునెక్ బ్యాంకరు, పందేల పిచ్చి ఉన్నవాడు. యుద్ధంలో చేతికైన గాయం వల్ల గేర్లు మార్చడం అతనికి కష్టమయ్యేది. అలా స్టీరింగ్ ఆమె చేతికొచ్చింది. 1928లో సిసిలీ కొండల్లో జరిగిన టార్గా ఫ్లోరియో పందెంలో ఆమె బుగాటీ కారుతో ఒక దశలో అందరికంటే ముందుంది. బండి ఇబ్బంది పెట్టడంతో చివరికి అయిదో స్థానంలో వచ్చింది. అదే ఏడాది జులైలో జర్మనీ పందెంలో భార్యాభర్తలు ఒకే కారు పంచుకుని నడుపుతున్నారు. అతను స్టీరింగ్ అందుకున్న కాసేపటికే ప్రమాదంలో చనిపోయాడు. ఆమె పందేలు మానేసింది, కార్లు అమ్మేసింది. ఆ దుఃఖాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ భర్తతో వచ్చిన వేగం భర్తతోనే ఆగిపోవడం చూస్తే, ఆయన పోతే బొట్టూ గాజులూ తీసేయాల్సి వచ్చిన మా మేనత్తలు గుర్తొచ్చారు.

ఇక నాకు బాగా దగ్గరగా అనిపించిన మనిషి జానెట్ గత్రీ. 1938లో అయోవాలో పుట్టింది. పదిహేడేళ్లకే విమానం నడిపే లైసెన్సు సంపాదించింది. 1960లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి ఫిజిక్స్ డిగ్రీ తీసుకుని విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేరింది. ఉద్యోగంలో చేరాక ఆమె కొన్నది ఒక జాగ్వార్ ఎక్స్‌కే 120. ఆ మోడల్ తయారీ 1954లోనే ఆగిపోయింది కాబట్టి అది పాత కారే. తర్వాత పందేల కోసం ఎక్స్‌కే 140 కొంది. అదీ పాతదే. ఇంజన్ విప్పి, తనే బాగుచేసుకుని, 1963 నుంచి పందేలకి తీసుకెళ్లేది. స్పోర్ట్స్ కారు అంటే డబ్బున్నవాళ్ల దర్పం అనుకుంటాం. నూనె మరకల చేతులతో ఒక ఇంజనీరమ్మాయి తన జీతం పోసి బతికించుకున్న పాత కారు కూడా ఆ చరిత్రలో ఉంది.

ఆ రోజుల్లో అమెరికాలో ఆడవాళ్లకి అప్పు పుట్టడం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి తెలీదు. భర్త సంతకమో తండ్రి సంతకమో తెమ్మనేవాళ్లు. పెళ్లయినదైతే, పిల్లలు పుడతారు కదా అని ఆమె జీతాన్ని లెక్కలోకి పూర్తిగా తీసుకునేవాళ్లు కాదు. స్త్రీ అనీ, పెళ్లయిందనీ కాలేదనీ వివక్ష చూపకూడదని సమాన రుణ అవకాశాల చట్టం వచ్చింది 1974లో. నేను మూడు దశాబ్దాలుగా జీతం తెచ్చుకుంటున్న ఈ దేశంలో ఆ హక్కు నాకంటే చిన్నది.

1977లో గత్రీ ఇండియానాపొలిస్ 500 పందెంలో పాల్గొన్న మొదటి మహిళ అయింది. పందెం మొదట్లో "జెంటిల్మెన్, ఇంజన్లు స్టార్ట్ చేయండి" అని పిలుపునివ్వడం అక్కడి ఆచారం. ఒక స్త్రీ కోసం ఆ మాట మార్చడానికి వాళ్లకి మనసొప్పలేదు. ఇంజన్‌ని నిజానికి స్టార్ట్ చేసేది డ్రైవరు కాదు, మెకానిక్, అతను మగవాడే కదా అని వాదించారు. గత్రీ బృందం ఆ పని కూడా ఒక మహిళకి అప్పగించింది. దాంతో ఆచారం కాస్త వంగక తప్పలేదు. ఆ ఏడు ఇంజన్ మొరాయించి ఆమె కారు మధ్యలోనే ఆగింది. 1978లో తన బృందాన్ని తనే నిర్వహించుకుని, విరిగిన మణికట్టు సంగతి దాచిపెట్టి, తొమ్మిదో స్థానంలో పందెం ముగించింది. ఆ తర్వాత డబ్బు పెట్టేవాళ్లు దొరక్క ఆమె పందేలు ముగిశాయి. నైపుణ్యం ఆమెదే, పెట్టుబడి ఎవరిదో.

కారు కొనడమే విముక్తా అని నా స్నేహితురాలొకామె అడిగింది. కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు సైకిల్ నేర్చుకున్న వేలమంది కూలి ఆడవాళ్ల కదలికతో పోలిస్తే నా కారు చిన్న ముచ్చట. పెట్రోలు తాగే సరదా కూడా. అయినా వాళ్ల సైకిలుకీ నా కారుకీ ఒకే ప్రశ్న వర్తిస్తుంది: ఈ బండి ఎవరిది? ఇది తీసుకెళ్లడానికి ఎవర్ని అడగాలి?

నా సంగతిలో ఈ ప్రశ్నకి ఇంకో కాగితం అడ్డొస్తుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకీ సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి అది వర్తించలేదు. ఒక్క ఏడాది తేడాలో నేను గీతకి అవతల ఉండిపోయాను. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ గీత చెరిపేసింది. మరుసటి ఏడాది నాన్న పోయాడు. దినాలయ్యాక అన్నయ్యలు కాగితాలు ముందు పెట్టారు. "నీకు ఇవ్వాల్సింది అప్పుడే ఇచ్చేశాంగా అమ్మా, బండితో సహా" అన్నాడు పెద్దన్నయ్య. అందులో ఏం రాసుందో చదవకుండానే సంతకం చేశాను. నన్ను మంచి ఆడపడుచు అన్నారు. అమ్మ ఒక్కతే వంటింట్లోంచి బయటికి రాలేదు.

కారు యాజమాన్య పత్రాన్ని ఇక్కడ టైటిల్ అంటారు. పెద్దమనిషి తన వంటింటి బల్ల మీద దాన్ని పరిచి, పెన్ను నా చేతికిచ్చి, ఫలానా చోట అని వేలు పెట్టి చూపించాడు. నేను కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను. ఆయన కాఫీ చల్లారిపోయింది. అప్పుడు సంతకం చేశాను.

ఇంటికి మూడు గంటల దారి. మెడ తిప్పకుండా, ఎదురుగా రోడ్డు చూస్తూ వచ్చాను.