బేస్ గిటార్: కొత్త తీగ కుదరకపోవడం

బేస్ గిటార్‌కు తీగలు మార్చినప్పుడు కొత్త తీగ నట్ మీద, శాడిల్ మీద, ట్యూనింగ్ కీ చుట్టూ తన చోట గట్టిగా ఆనకపోతే, వాయించేవాళ్లు ‘తీగ కూర్చోలేదు’ అంటారు. ఖాళీ తీగ మీటితే జరజరమనడం, పైఫ్రెట్లకు వెళ్లేకొద్దీ స్వరం తప్పడం, నాదం నిలవకుండా ఆరిపోవడం, శ్రుతి చేసిన కాసేపటికే దిగిపోవడం దీని లక్షణాలు. వీటిని చూసి తీగల సెట్టే బాగాలేదని దుకాణానికి తిరిగిచ్చేవాళ్లూ, అనవసరంగా ఫ్రెట్లు అరగదీయించేవాళ్లూ ఉన్నారు. బొటనవేలితో ఒకసారి నొక్కితే పోయేదానికి అంత హడావిడి అక్కర్లేదు.

మామూలు గిటార్‌లో ఈ బాధ తక్కువ. బేస్‌లో ఎక్కువ కావడానికి కారణం తీగ మందమే. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు నట్ నుంచి శాడిల్ వరకు తీగ పొడవును 34 అంగుళాలుగా (సుమారు 864 మిల్లీమీటర్లు) పెట్టాడు. నేటికీ ఎక్కువ వాయిద్యాలకు అదే కొలత. అంత పొడవులో 41.2 హెర్ట్జ్‌ల ఈ (E) స్వరం పలకాలంటే తీగ బరువుగా ఉండాలి. అందుకని నడుమ ఉక్కు తీగ పెట్టి, దానిమీద వరసలు వరసలుగా నికెల్ లేదా స్టీలు తీగ చుడతారు. సాధారణ సెట్టులో జీ (G) తీగ 0.045 అంగుళాలుంటే ఈ (E) తీగ 0.100 లేదా 0.105 ఉంటుంది. ఇంత మందం ఉన్నది శాడిల్ అంచు మీద మడత తిరగనని మొరాయిస్తుంది. అంచు దాటాక కూడా కొంత మేర విల్లులా పైకి వంగి, ఆ తర్వాతే తిన్నగా సాగుతుంది.

తీగ కంపించే పొడవును తేల్చేవి రెండు కొనలే: ఒకవైపు నట్, మరోవైపు శాడిల్. ఆ రెండు చోట్లా తీగ ఖచ్చితంగా ఒక గీత దగ్గర వదలాలి. ఒంపు ఉంటే ఆ గీత ఎక్కడో తేలదు. తంబురాలో ఇలాంటి తేలని ఆనికనే కావాలని తెస్తారు. వెడల్పాటి గుర్రం మీద తీగ కింద సన్నని దారం జరిపి, తీగ గుర్రాన్ని తాకీ తాకకుండా ఉండేలా చేస్తేనే ఆ ఝుంకారం పుడుతుంది. అక్కడ ప్రాణంగా ఎంచే ఆ రొదే బేస్‌లో దోషం.

లోపం ఎక్కడుందో పట్టడం

ముందు ఖాళీ తీగ మీటాలి. తర్వాత అదే తీగను మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కి మీటాలి. రొద మాయమైతే దోషం నట్ దగ్గరే, ఎందుకంటే ఫ్రెట్ నొక్కగానే నట్ ఆటలోంచి తప్పుకుంటుంది. ఏ ఫ్రెట్ నొక్కినా రొద వదలకపోతే శాడిల్‌ను గానీ తీగను గానీ అనుమానించాలి. రెండు మూడు ఫ్రెట్ల దగ్గరే వస్తుంటే అది ఫ్రెట్ల ఎత్తుకో మెడ ఒంపుకో సంబంధించినది, తీగ కుదురుతో పనిలేదు.

శాడిల్ దగ్గర

తీగను శ్రుతికి తెచ్చాక, శాడిల్‌కు ఆనుకుని పికప్ వైపున బొటనవేలితో కిందికి నొక్కాలి. శ్రుతి చూపే యంత్రం పెట్టుకుని నొక్కితే విషయం కళ్లకు కడుతుంది: ముల్లు కొద్దిగా దిగుతుంది. దిగిందంటే అక్కడ ఒంపు ఉండేదన్నమాట. మళ్లీ శ్రుతి చేసి మరోసారి నొక్కాలి. ముల్లు కదలకపోతే ఇక చాలు. పటకారు, స్క్రూడ్రైవర్ వాడితే చుట్టు నలిగి తీగ చెడుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌ను, నొక్కిన స్వరాన్ని పోల్చే పని దీని తర్వాతే చేయాలి. తీగ కూర్చోకముందే శాడిల్ స్క్రూలు తిప్పితే ఆ శ్రమంతా వృథా.

శాడిల్ మీద ఏం ఆనుతోందో కూడా చూడాలి. బాల్ ఎండ్ పక్కన తీగ రెండు పేటలుగా, లేదా రంగు దారంతో చుట్టి ఉంటుంది. బ్రిడ్జి పొట్టిదైతే ఆ భాగమే శాడిల్ మీదికొచ్చి నాదాన్ని మింగేస్తుంది. అలాంటప్పుడు ఎంత నొక్కినా లాభం లేదు, ఆ బ్రిడ్జికి సరిపడే తీగలే కొనాలి. ఒళ్లు గుండా తీగ దూర్చే బ్రిడ్జిల్లో మరో చిక్కుంది. వెనకనున్న లోహపు గుంటలో బాల్ ఎండ్ అడ్డంగా ఇరుక్కుని, శ్రుతి చేశాక ఎప్పుడో టక్కున జారుతుంది. కీ తిప్పేముందే తీగను చేత్తో గట్టిగా లాగితే ఈ బెడద ఉండదు.

నట్ దగ్గర

0.100 తీగకు కోసిన గాడిలో 0.110 తీగ పెడితే అది అడుగుకు దిగదు, గాడి అంచుల మీదే నిలబడుతుంది. శ్రుతి చేస్తుంటే టిక్కుమని చప్పుడై స్వరం ఒక్కసారి ఎగురుతుంది. తీగ మందానికి తగిన ఆకురాయితో గాడిని వెడల్పు చేయాలే తప్ప లోతు పెంచకూడదు. లోతు పెరిగితే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌ను తాకుతుంది, అప్పుడిక నట్ మార్చాల్సిందే. గాడి కీల వైపు కొద్దిగా వాలి ఉండాలి. కాస్త పట్టినట్టు ఉండడమే సమస్యయితే మెత్తని పెన్సిల్ ముల్లు గాడిలో రుద్దితే సరిపోతుంది.

ఫెండర్ పద్ధతి తలకట్టులో డీ, జీ తీగలను కిందికి అదిమే చిన్న బిళ్ల ఉంటుంది. ఏ (A) తీగకు ఆ ఆసరా లేదు. ఖాళీ ఏ (A) తీగ సితార్‌లా మోగుతోందన్న ఫిర్యాదుకు మూలం సాధారణంగా ఇదే. కీ స్తంభం మీద చుట్లు పైనుంచి కిందికి పేరుస్తూ పోతే తీగ నట్ నుంచి ఏటవాలుగా దిగి గట్టిగా ఆనుతుంది. రెండు మూడు చుట్లు చాలు. ఇందుకోసం తీగను తన కీకి 10-12 సెంటీమీటర్ల అవతల కోస్తారు. కోసే చోటికి ముందే తొంభై డిగ్రీల మడత పెట్టి తీరాలి, లేకపోతే నడిమి ఉక్కు గుండ్రంగా ఉన్న తీగల్లో పైచుట్టు వదులై తీగంతా మూగబోతుంది. కొనను స్తంభం నడుమ రంధ్రంలోకి అడుగంటా దించాలి. పొడవు మిగిలిందని మందపాటి ఈ (E) తీగను నాలుగైదు చుట్లు చుడితే అవి ఒకదానిమీదొకటి ఎక్కి, వాయిస్తుంటే జారుతాయి.

మెలిక

అన్నీ సరిగా ఉన్నా స్వరం వణుకుతూ, రెండు స్వరాలు కలిసి మోగినట్టుంటే తీగలో మెలిక పడి ఉంటుంది. కీకి చుట్టేటప్పుడు తీగను చేతిలో తిప్పేయడం వల్ల వచ్చేదిది. తీగను వదులు చేసి, కొనను కీలోంచి తీసి, స్వేచ్ఛగా వేలాడనిస్తే మెలిక దానంతటదే విడిపోతుంది. మళ్లీ ఎక్కించేటప్పుడు బాల్ ఎండ్ కదలకుండా చూసుకోవాలి.

కొన్ని వాయిద్యాలకు ప్రత్యేక జాగ్రత్త అవసరం. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ 500/1 రకం బేస్‌లో చెక్క బ్రిడ్జిని స్క్రూలు పట్టుకోవు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. నాలుగు తీగలూ ఒకేసారి విప్పితే అది జరిగిపోతుంది కనుక ఒక్కొక్కటే మార్చుకోవాలి. ఫెండర్ తరహా మెడల్లో జీ తీగ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య నాదం తొందరగా ఆరిపోయే చోటు ఒకటి తరచు కనిపిస్తుంది. అది మెడ చెక్క ఆ స్వరంతో పాటు కంపించి శక్తిని లాగేసుకోవడం వల్ల వచ్చేది. తీగను ఎన్నిసార్లు కూర్చోబెట్టినా ఆ చోటు మారదు.